పాండ్స్ డబ్బా వెనుక ఒక తెగ ఉంది. మన తంగేడు కథ ఎవరు రాస్తారు?



మా హాస్టల్ గది కిటికీలో ఎప్పుడూ ఒక పాండ్స్ డబ్బా ఉంటుంది. ఒకరు కొంటే ఆరుగురం పూసుకుంటాం. కోడుమూరులో ఏ అంగట్లో అడిగినా దొరికేదే. ఆ పేరు యాడిదబ్బా అని వెతికితే మనలాంటోళ్ల చరిత్ర బయటపడింది. అందుకే ఈ పొడుగు పోస్టు.

పాండ్ అనేది మనిషి పేరు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, యుటికా పట్టణంలో థెరాన్ పాండ్ అనే ఆయన 1846లో విచ్ హేజెల్ అనే పొద నుంచి తీసిన మందును అమ్మకానికి పెట్టినాడు. అది ఆయన కనిపెట్టింది కాదు. ఆ ప్రాంతపు మూలవాసులైన ఓనైడా తెగ వైద్యుడి దగ్గర నేర్చుకున్నాడని చెప్తారు. తర్వాత కంపెనీ క్రీముల వైపు మళ్లింది. 1987లో యూనిలీవర్ చేతికి పోయింది. డబ్బా మీద పాండ్ పేరు మిగిలింది, ఓనైడా పేరు లేదు.

మందు సీసాకెక్కిన ఆ కాలంలోనే ఓనైడాల నేల ఒప్పందాల పేరుతో చేజారిపోతా ఉండింది. 1846 నాటికే వాళ్లలో చాలామంది విస్కాన్సిన్‌కు, కెనడాకు వలసపోయినారు.

ఇంతకీ ఆ పొదలో ఏముంది? వగరు. దాన్నే టానిన్ అంటారు. కరక్కాయ కొరికితే నోరు పట్టేసినట్టు అవుతుంది గదా, ఆ గుణమే చర్మం మీద పడితే పైపొర బిగుసుకుంటుంది, రసి కారడం తగ్గుతుంది. మూలవాసులు చెక్క, కొమ్మలు ఉడకబెట్టి ఆ నీళ్లను వాపులకు, దెబ్బలకు వాడేవాళ్లు. ఇప్పుడు అక్కడి ఇళ్లల్లో దూదితో ముఖం తుడుచుకోవడానికి, గడ్డం గీసుకున్నాక, పురుగు కుట్టిన చోట పూస్తారు. అయితే ఆవిరి పట్టి తీసి సీసాల్లో అమ్మే రకంలో టానిన్ చాలా తక్కువ. ఆల్కహాల్ 14 శాతం దాకా కలుపుతారు. పొడి చర్మానికి అది మంట పెడుతుంది.

విచ్ హేజెల్ మన నేలలో మొలవదు. కానీ వగరు మనకేం కొత్త కాదు. తండా దారుల్లో, చేను గట్ల మీద పసుప్పచ్చగా పూసే తంగేడు చూడండి. దాని చెక్కలో టానిన్ ఎంత ఉందంటే, ఆఫ్రికా తుమ్మచెక్క దిగుమతి కాకముందు మద్రాసు రాష్ట్రంలో తోళ్లు పదును చేసింది ఎక్కువగా దీంతోనే. ఇళ్లల్లో దాని పూలు నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, పిండిలో కలిపి నలుగు పెట్టుకుంటారు. మన అవ్వలకు ఇది చదువు చెప్పిన విద్య కాదు, చేతికి తెలిసిన విద్య.

ఇక్కడే మన భయం. 1995లో పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి అమెరికాలో పేటెంటు ఇచ్చినారు. మన దేశపు సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రికలు చూపించి పోరాడితే 1997లో రద్దయింది. గెలిచింది ఎట్లా? రాసిపెట్టిన సాక్ష్యంతో. మరి అవ్వ నోట్లో మాత్రమే ఉన్న మందుకు సాక్ష్యం ఏది?

కేరళలో కాణి తెగవాళ్లు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో శాస్త్రవేత్తలు జీవని అనే మందు తయారు చేసినారు. 1995లో దాన్ని కంపెనీకి ఇచ్చినప్పుడు ఫీజులో, రాయల్టీలో సగం కాణి తెగకు అని ఒప్పుకున్నారు. ఎవరి దగ్గర తెలుసుకున్నారో ఒప్పుకున్నందుకే ఆ వాటా వచ్చింది.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఊరి మొక్కలు, వాటి వాడకం అందులో రాయాలి. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు రెండు పనులు చేద్దాం. ఒకటి, పంచాయతీలో ఆ రిజిస్టర్ అడిగి, మన తండా పేరు అందులో ఉందేమో చూద్దాం. రెండు, అవ్వ పక్కన కూర్చుని, ఆమె ఒప్పుకుంటేనే, ఒక్క మందు రాసుకుందాం: ఏ మొక్క, ఏ భాగం, ఎంత, ఎవరికి పెట్టకూడదు. పైన అవ్వ పేరు, తండా పేరు రాయడం మరవద్దు. అది ఫోన్లో పెట్టి అందరికీ పంచొద్దు, ముందు ఊరి రిజిస్టర్‌కు ఎక్కిద్దాం.

ఓనైడా పేరు డబ్బా మీద లేకపోయింది. మన అవ్వల పేరన్నా కాగితం మీద ఉండాల.