పెరటి సేద్యము: గణపవర ప్రాంతము

పెరటి సేద్యమనగా ఇంటి వెనుకనో ప్రక్కనో గల కొలదిపాటి నేలలో, అమ్మకమునకు గాక వంటయింటి యక్కఱకై, ఆకుకూరలు, పాదులు, దుంపలు, ఫలవృక్షములు పెంచుట. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి సరస్సుల నడుమనున్న గణపవర ప్రాంతమున దీని చరిత్ర వరిచేని చరిత్రతో పెనవైచుకొని యున్నది. అయినను వరికి నూఱేండ్లకు పైబడిన లెక్కలుండగా దీనికి లెక్కయే లేదు, ఏలనన శిస్తు పడు పంటను వ్రాసికొన్న కరణమే గాని చూరు మీదికి ప్రాకిన ఆనపతీగను వ్రాసికొన్న కరణ మెవ్వడును లేడు.

సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ సీమ సేద్యమును మార్చివైచెను. నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరికి పోవు కాలువకు ఎగువ మెట్ట, దిగువ పల్లము. గణపవరము పల్లమునకు చేరినది. సార్వా నాట్లు మొదలు కోతల వఱకు నీరు నిలుచు నల్లరేగడిలో వంగకుగాని బీరకుగాని వేరు నిలువదు గనుక, కాలువనీటితో కూరగాయ పొలమును విడిచి మెరకను వెదకికొనెను: చేనిగట్టున కంది నిలిచెను, చెరువు త్రవ్విన మన్నుతో ఎత్తుచేసిన యింటిస్థలమున తక్కినవన్నియు చేరినవి.

ఆ పెరటిలో వృథాయన్నది లేదు. అంట్లు తోమిన నీరు అరటికిని కందకును పాఱెడిది, పొయ్యిలోని బూడిద పురుగుపట్టిన ఆకులపై చల్లబడెడిది, పశువులపాకలోని పెంట పాదుల మొదళ్లకు చేరెడిది. ముదిరి యెండిన బీరకాయ మఱుసటి యేటి విత్తనమునకై చూరునకు వ్రేలాడెడిది. ఈ కృషి యంతయు స్త్రీలది. విత్తనము కొనుటయను మాట యెఱుగక, ఇరుగుపొరుగులకును, అత్తవారింటికి పోవు ఆడుబిడ్డకును కొంగున ముడివైచి యిచ్చెడివారు. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథము కట్టి చిక్కుడాకులలో పరమాన్నము నివేదించుట ఆచారమగుటచే, పందిరి లేని యిల్లాలు ఆనాడు పొరుగింటి దడి దాటక తప్పెడిది కాదు. కొల్లేటి లంకలలో మాత్ర మీ భాగ్యము నిలుకడ లేనిది: బుడమేరు, తమ్మిలేరు మొదలగువానినుండి వచ్చిపడు వరద సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరొక్కటే దారి గనుక, నీరు తీయునందాక పెరళ్లు మునిగియుండెడివి.

1960 ప్రాంతమున సాంద్ర వ్యవసాయ పథకమునకు పశ్చిమ గోదావరి జిల్లా ఎంపిక యయ్యెను. 1925లో నెలకొనిన మార్టేరు పరిశోధన కేంద్రమునుండి 1982లో స్వర్ణ వరి వెలువడెను. దిగుబడులు హెచ్చినవి, కాని పెరటికి అది నష్టకాలమే యనవలెను. ట్రాక్టరు వచ్చి యెడ్లు పోయినవి, యెడ్లతో పెంటకుప్ప పోయినది, తాటాకిల్లు డాబాయైనంతనే గుమ్మడితీగకు ఆధారము పోయినది. 1970వ దశకమునుండి వ్యాపించిన చేపలచెరువులు వరిపొలమునే మ్రింగ నారంభించినవి. వాని గట్లపై కొబ్బరి, అరటి నాటువారు కలరు గాని, అది పెరడు కాదు.

ప్రోత్సాహము ఆలస్యముగా వచ్చినది. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయినవి. 2007లో తాడేపల్లిగూడెము చెంత వెంకట్రామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసినది. 2016 నుండి రాష్ట్రమున ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము మహిళాసంఘముల ద్వారా జీవామృతమును, నీమాస్త్రమును పల్లెలకు చేర్చుచున్నది. 2020 డిసెంబరులో ఏలూరున వందలమంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనప్పుడు అనుమానము పురుగుమందుల అవశేషములపైకి పోవుటచే, అంగటికూరపై అపనమ్మకమును పెరిగినది. నేడు చూరు లేని యిండ్లలో డాబాలపై తొట్టెలలోను సంచులలోను తోటకూర, గోంగూర, వంగ పెరుగుచున్నవి. పల్లపు రేగడి తొట్టెలో బిగిసి బీటలు వాఱును గనుక, కాలువకు ఎగువనున్న మెట్టనుండి ఎఱ్ఱమన్ను తెప్పించుకొనువారును కలరు.