గోధుమలు, రూపాయలు, పుస్తకాలు: హైదరాబాదులో ప్రాంతీయ అధ్యయనాలు

అమీర్‌పేట నుంచి బేగంపేట వైపు వెళ్లే దారికి కాస్త లోపలగా పాత నిజామియా వేధశాల ఆవరణ ఉంది. అమీర్‌పేటకు కోచింగు కోసం వచ్చే విద్యార్థులలో అది చూసినవారు తక్కువ. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క దేశపు వేధశాలకు అప్పగించారు. చిలీ దేశంలోని శాంటియాగోకు మొదట కేటాయించిన పట్టీ, అంటే దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య భాగం, చివరకు హైదరాబాదు వంతుకు వచ్చింది. 1919లో ఈ వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వెళ్లింది. ఆ విశ్వవిద్యాలయం ప్రపంచంతో కలిసి చేసిన తొలి పనులలో ఇది ఒకటి. ఇప్పుడు అదే ఆవరణలో, 1980లో ఏర్పడిన ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం పనిచేస్తున్నది.

ఆకాశాన్ని పంచుకున్నట్టే రెండవ ప్రపంచ యుద్ధం తరువాత విశ్వవిద్యాలయాలు భూమినీ పంచుకున్నాయి. దక్షిణాసియా, తూర్పు ఆసియా, లాటిన్ అమెరికా వంటి ఒక్కొక్క ప్రాంతాన్ని తీసుకుని, దాని భాష, చరిత్ర, ఆర్థిక వ్యవస్థ, రాజకీయాలను కలిపి చదివే పద్ధతినే ప్రాంతీయ అధ్యయనాలు అంటారు. 'ప్రాంతీయ' అన్న మాట వినగానే మనకు తెలంగాణ, రాయలసీమ గుర్తుకు వస్తాయి. ఇక్కడ దాని అర్థం అది కాదని విద్యార్థులు గమనించాలి.

ఈ పద్ధతి వెనుక రాజ్యం అవసరాలు ఉన్నాయి. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. మరుసటి ఏడాదే అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, విదేశీ భాషల బోధనకు డబ్బు కేటాయించింది. చట్టం పేరులోనే 'రక్షణ' ఉంది. మన దేశంలోనూ ఇటువంటి అవసరమే కనిపించింది. 1955లో ఢిల్లీలోని సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ మొదలైంది; 1970లో అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. పొరుగు దేశం భాష తెలిసినవారు మనలో ఎంత తక్కువమంది ఉన్నారో 1962 చైనా యుద్ధం చూపించింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా మీద, ఉస్మానియాలో హిందూ మహాసముద్ర ప్రాంతం మీద ఏర్పడిన కేంద్రాలు ఈ కోవలోనివే.

ఉస్మానియా ఆవరణలోని అమెరికా కేంద్రం

తెలుగు నేల మీద ఈ చరిత్రను అన్నిటికంటే స్పష్టంగా చూపే సంస్థ అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్. 1964లో ఇది ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఏర్పడింది. ఇప్పుడు అమీర్‌పేటలో మెట్రో ఎక్కి తార్నాకలో దిగితే ఆ ఆవరణకు చేరువలోనే ఉంటాం. కేంద్రం ఎక్కడ ఉందన్న దానికంటే దానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది ముఖ్యమైన ప్రశ్న.

ఆ డబ్బు గోధుమల నుంచి వచ్చింది. 1954లో అమెరికా చేసిన పబ్లిక్ లా 480, అంటే మన పెద్దలు 'పి.ఎల్.480' అని పిలిచే చట్టం, తమ మిగులు ధాన్యాన్ని ఇతర దేశాలకు వారి సొంత నాణెంలో అమ్మడానికి వీలు కల్పించింది. 1956 ఆగస్టులో భారత్ దీనిపై ఒప్పందం చేసుకున్నది. మనం డాలర్లు ఇవ్వనవసరం లేదు. రూపాయలు ఇస్తే చాలు. కానీ ఆ రూపాయలను అమెరికా తన దేశానికి తీసుకుపోయి చేసేదేమీ లేదు. ఇక్కడే ఖర్చు పెట్టాలి. కరువు కాటకాల మధ్య 1966లో దేశం దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకున్నది. గోధుమలు తిన్నకొద్దీ అమెరికా ఖాతాలో రూపాయలు పేరుకుపోయాయి. 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి డేనియల్ పాట్రిక్ మోయ్నిహాన్ 1,664 కోట్ల రూపాయల చెక్కును భారత ప్రభుత్వానికి తిరిగి ఇచ్చాడంటే ఆ కుప్ప ఎంతటిదో ఊహించవచ్చు.

ఆ నిధులతో రెండు వైపులా పుస్తకాలు కదిలాయి. మొదటి కదలిక మన పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. 1962లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం ఢిల్లీలో కార్యాలయం తెరిచి, భారతీయ భాషలలో అచ్చయిన పుస్తకాలను కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపడం మొదలుపెట్టింది. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. మన ఊళ్లో చెదలు తిన్న ఒక నవల, అక్కడి గ్రంథాలయంలో అట్ట చెదరకుండా ఉండటానికి కారణం ఇదే. 1971 నుంచి వెల్చేరు నారాయణరావు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించారు. అటువంటి చోట్ల తెలుగు చదువుకు ఆధారమైన పుస్తకాల అరలకు ఈ గోధుమ రూపాయలు ఎంతో తోడ్పడ్డాయి.

రెండవ కదలిక హైదరాబాదు వైపు. ఇక్కడి కేంద్రంలో అమెరికా సాహిత్యం, చరిత్ర, రాజకీయాల మీద పెద్ద గ్రంథాలయం ఏర్పడింది. దేశం నలుమూలల నుంచి అధ్యాపకులు, పరిశోధకులు చిన్న ఉపకార వేతనంతో వచ్చి, వసతి గృహంలో ఉండి, సూక్ష్మఫిల్ములు, పత్రికలు చదివి వెళ్లేవారు. ఇంటర్నెట్ లేని ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. కేంద్రం 'ఇండియన్ జర్నల్ ఆఫ్ అమెరికన్ స్టడీస్' అనే పత్రికను కూడా వెలువరించింది.

ఇచ్చినవారి ఉద్దేశం, చదివినవారి అవసరం

ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఇటువంటి కేంద్రాన్ని నెలకొల్పడంలో అమెరికా ఉద్దేశం తమ దేశం పట్ల సానుకూలత పెంచడమే. దాన్ని దాచవలసిన పని లేదు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో వామపక్ష రచయితలు, విద్యార్థులు అమెరికా నిధులను అనుమానంతో చూడటమూ సహజమే. అయితే ఇచ్చినవాడు అనుకున్నదే చదివేవాడు గ్రహించాలని లేదు.

ఆ అరలలో జెఫర్సన్, ఎమర్సన్‌లతో పాటు ఫ్రెడరిక్ డగ్లస్, డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్, రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎల్లిసన్ కూడా ఉన్నారు. నల్లజాతి రచయితలపై మన విశ్వవిద్యాలయాలలో పరిశోధనలు పెరిగాయి. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరును అమెరికాలోని బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు. 1985 కారంచేడు తరువాత తెలుగులో దళిత సాహిత్యం గురించి జరిగిన చర్చలలో నల్లజాతి సాహిత్యం ప్రస్తావన తరచు వచ్చేది. అంతకు చాలా ముందే, 1913 నుంచి 1916 వరకు కొలంబియాలో చదివిన అంబేద్కర్, 1940 దశకంలో డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అమెరికాను చదవడం మన కులవ్యవస్థను చదవడానికి దారి అయింది. ఏ దాతా ఇలా జరగాలని కోరి ఉండడు.

కానీ ఒక లోటు చెప్పుకోక తప్పదు. ఆ గ్రంథాలయం ఇంగ్లీషు వచ్చినవారిదే. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలై, అనువాద విభాగం పెట్టి ప్రపంచ శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చుకున్న విశ్వవిద్యాలయం అది. (ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు అప్పుడు ఆ గౌరవం దక్కలేదన్నది వేరే కథ.) అదే ఆవరణలోని అమెరికా కేంద్రంలో తెలుగు మాధ్యమ విద్యార్థికి చదవగలిగింది బహు తక్కువ. పోటీదారైన సోవియట్ యూనియన్ ఈ విషయంలో తెలివిగా వ్యవహరించింది. మాస్కోలో తెలుగులో అచ్చయిన పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల ద్వారా తక్కువ ధరకు మారుమూల ఊళ్లకు చేరాయి. అమెరికా సమాచార శాఖ కొన్ని అనువాదాలు తెచ్చినా, రష్యా పుస్తకం వెళ్లినంత దూరం అమెరికా పుస్తకం వెళ్లలేదు.

తెలుగులో ప్రపంచాన్ని చదివే పని వేరే సంస్థల మీద పడింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. పంజాగుట్ట పక్కనే సోమాజీగూడలో ఉన్న దాని కార్యాలయం నుంచి అచ్చు పాఠాలు జిల్లాలకు వెళ్లేవి. 'ప్రచ్ఛన్న యుద్ధం', 'అలీన విధానం' వంటి మాటలు పొలం పనో, గుమాస్తా ఉద్యోగమో చేసుకుంటూ చదివేవారికి ఇటువంటి పుస్తకాల ద్వారానే అలవాటయ్యాయి.

ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది. రూపాయి నిధులూ తరిగిపోయాయి. 1990 దశకంలో కేంద్రం పేరు ఇండో-అమెరికన్ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ స్టడీస్ అయింది. ఆ తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం దాన్ని తన అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రంగా మార్చుకున్నది. సరిగ్గా ఆ కాలంలోనే అమీర్‌పేట గోడలు కంప్యూటర్ కోర్సుల ప్రకటనలతో నిండిపోయాయి. 2008లో అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరుచుకున్నది. 2023లో నానక్‌రామ్‌గూడకు మారేవరకు వీసా కోసం వచ్చినవారు ఆ వీధిలో ఫైళ్లు పట్టుకుని నిలబడేవారు. అమెరికాలో బంధువు లేని ఊరు తెలుగునాట వెతికితే గాని దొరకదు. అక్కడి రాష్ట్రాల హక్కులు, వలస చట్టాలు, జాతి సంబంధాల మీద తెలుగులో ఒక మంచి చరిత్ర పుస్తకం కావాలన్నా అంతే వెతకాలి.

అభ్యాసం: మీ అధ్యయన కేంద్రానికి దగ్గరలో ఉన్న గ్రంథాలయానికి వెళ్లండి. అమెరికా, రష్యా, చైనా, నేపాల్, శ్రీలంకల మీద తెలుగులో ఎన్ని పుస్తకాలు ఉన్నాయో లెక్కించండి. ప్రతి పుస్తకం ఎవరు ప్రచురించారు, ఏ సంవత్సరంలో, మూలం ఏ భాషలో ఉంది, ధర ఎంత అన్నవి రాసుకుని, తరువాతి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.