పక్క రాళ్ళ సాక్ష్యం



సర్వే శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. పొలంలో హద్దురాయి మాయమైతే సర్వేయరు వెనుదిరిగి రాడు. మిగిలిన రాళ్ళ నుంచి, రికార్డులోని కొలతల ప్రకారం గొలుసు లాగి, పోయిన రాయి చోటు తేలుస్తాడు. మన సెల్‌ఫోనూ ఆ పనే చేస్తుందని ఈమధ్యనే తెలుసుకున్నాను.

మన తోటి పెన్షనరు ఒకాయన కిందటేడు బంధువుల అపార్ట్‌మెంటుకు వెళ్ళి, సెల్లారులో జారిపడ్డారు. కొడుక్కి ఫోనులో ‘లొకేషన్’ పంపారు. అబ్బాయి పటంలో చుక్క చూపిన చోటికి పరుగెత్తాడు. అక్కడ తండ్రి లేరు. రెండు వీధుల అవతల, అరగంట వెతికాక దొరికారు. ఫోను అబద్ధం చెప్పిందా? లేదు. దాని హద్దురాయి పోయింది, అంతే.

అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహాల ఏర్పాటు 1995లో పూర్తయింది. అవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అంత దూరం నుంచి వచ్చే సంకేతం బలహీనం. కాంక్రీటు శ్లాబు దాటి సెల్లారులోకి దిగలేదు. అప్పుడు పక్క రాళ్ళే దిక్కు.

మొదటి రాయి సెల్ టవరు. ప్రతి టవరుకూ ఒక సంఖ్య ఉంటుంది. మన పాత జి.ఎస్.ఎం. పద్ధతిలో సంకేతం రాకపోకల కాలాన్ని బట్టి దూరాన్ని సుమారు 550 మీటర్ల అంచెల్లో లెక్కకట్టవచ్చు. అత్యవసర ఫోను చేసినవారి చోటు తెలపాలని అమెరికా ప్రభుత్వ సంస్థ 1996లోనే టెలిఫోను కంపెనీలను ఆదేశించింది. 2007 నవంబరులో గూగుల్ మ్యాప్స్, జి.పి.ఎస్. లేని ఫోన్లకు కూడా టవర్ల ఆధారంగా చోటు చూపడం మొదలుపెట్టింది.

రెండో రాయి ఇళ్ళలోని వైఫై పెట్టె. స్కైహుక్ అనే కంపెనీ వీధివీధికీ కార్లు తిప్పి, ఏ వైఫై సంకేతం ఎక్కడ అందుతోందో రాయించింది. జి.పి.ఎస్. లేని మొదటి ఐఫోనుకు 2008 జనవరిలో ఈ జాబితాయే దారి చూపింది. వైఫై దొరికితే తేడా కొన్ని పదుల మీటర్లు. ఒక్క టవరే ఆధారమైతే వందల మీటర్లు, పల్లెల్లో కిలోమీటర్లు కూడా.

ఈ తేడాను ఫోను దాచదు. పటంలో చుక్క చుట్టూ లేతరంగు వలయం గీస్తుంది. “ఇందులో ఎక్కడో ఉన్నాను” అని దాని అర్థం. మా మిత్రుడు చుక్కను చూశారు, వలయాన్ని చూడలేదు.

కనుక వలయం పెద్దదిగా ఉంటే, వీలైతే కిటికీ దగ్గరకో ఆరుబయటికో వచ్చి పంపండి. వైఫై ఆపకండి. అన్నిటికంటే ముఖ్యం, నోటితో ఆనవాలు చెప్పండి: ఫలానా గుడి వెనుక, ఫలానా అంతస్తు అని. 112కు ఫోను చేసినా అదే చెప్పండి.

మిత్రుడు ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు. ఎక్కడికి వెళ్ళినా ఇంటి నంబరు, ఆనవాలు రాసిన చీటీ జేబులో ఉంటుంది. సర్వే శాఖవాడిగా ఆ చీటీకి నా ఆమోదముద్ర.