కోలారు బంగారు గనులు: కూలి యొకచోట, కాపుర మొకచోట

నగరముయొక్క పేదరికమును నగరములోనే వెదకుట వాడుక. కోలారు గనుల చరిత్ర యీ వాడుకను సవరించుచున్నది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇచ్చట పని ప్రారంభించినది. 1902లో శివనసముద్రమునుండి విద్యుత్తు ఈ గనులకు వచ్చినది. బెంగుళూరు వీధులకు విద్యుద్దీపములు 1905లో గాని రాలేదు. బేతమంగలము చెరువునీరు గొట్టములద్వారా గనులకు చేరినది. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు సీమలనుండి తెలుగువారును, తమిళులును కూలికై వచ్చిరి. దొరల బంగళాలకు తోటలుండెను. కూలీల లైన్లలో వెదురు తడికల గుడిసెలుండెను. బంగారము పుట్టినచోటనే లేమియు నిలిచినది. అయినను కూలి, కాపురము ఒక్కచోటనే యుండెను.

1956లో మైసూరు ప్రభుత్వమును, 1962లో కేంద్రప్రభుత్వమును గనులను స్వీకరించినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. మూడు కిలోమీటర్లకు పైబడిన లోతునకు దిగిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. ఉద్యోగముతో ముడిపడిన ఇల్లు, నీరు, వైద్యము ఒక్కమారే చిక్కున బడినవి.

నాటినుండి ఊరి నడత మారినది. అనేకులు తెల్లవారకమున్నే మారికుప్పము రైలెక్కి, సుమారు 100 కిలోమీటర్ల దూరమందలి బెంగుళూరునకు పనికి పోవుచున్నారు. అచ్చటి అద్దె భరింపలేనివారు రాత్రికి పాత లైన్లకే మరలుచున్నారు. వారి శ్రమ నగరపు సంపదలో చేరుచున్నది; వారి లేమి మాత్రము కోలారు జిల్లా లెక్కలో మిగులుచున్నది. ఒకనాడు పల్లెలను కూలికి పిలిచిన పట్టణము నేడు మరియొక నగరమునకు దూరపు శివారైనది.

కావున నగరముయొక్క పేదరికమును కొలుచువారు దాని పొలిమేరతో ఆగరాదు. ఆ తొలి రైలు బయలుదేరు స్టేషనువరకు పోవలెను.