మెసొపొటేమియా దండయాత్రలో భారతీయ సిపాయిలు

మెసొపొటేమియా దండయాత్ర మొదటి ప్రపంచ యుద్ధంలో భాగంగా 1914 నుండి 1918 వరకు నేటి ఇరాక్ ప్రాంతంలో బ్రిటిష్, ఒట్టోమన్ సామ్రాజ్యాల మధ్య జరిగింది. బ్రిటిష్ పక్షాన పోరాడిన సేనల్లో అధిక సంఖ్యాకులు భారతీయులే. యుద్ధకాలంలో భారతదేశం నుండి దాదాపు 5.9 లక్షల మంది ఈ రంగానికి వెళ్ళారు. వీరిలో సుమారు సగం మంది వంటవారు, కూలీలు, పశువులను తోలేవారు, డోలీ బోయీలు వంటి సహాయక సిబ్బంది.

నేపథ్యం

పర్షియాలోని చమురు స్థావరాల రక్షణ ఈ దండయాత్ర తొలి లక్ష్యాలలో ఒకటి. 1914 నవంబరులో భారత సైన్యం ఫావ్ వద్ద దిగి, అదే నెలలో బస్రాను ఆక్రమించింది. యుద్ధారంభంలో సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. మద్రాసు శాపర్స్ దళాలు కూడా ఈ రంగంలో పనిచేశాయి. వేసవిలో తీవ్రమైన వడగాడ్పులు, చలికాలంలో బురద, వరదలు, దోమలు సైనికులను బాధించాయి. వడదెబ్బ, కలరా, విరేచనాలు సర్వసాధారణమయ్యాయి.

1915 నవంబరులో బాగ్దాద్ సమీపాన టెసిఫోన్ వద్ద జనరల్ టౌన్షెండ్ నాయకత్వంలోని 6వ పూనా డివిజన్ ముందుకు సాగలేక వెనుదిరిగింది. తగినన్ని అంబులెన్సులు లేకపోవడంతో క్షతగాత్రులను కుదుపుల బండ్లలో టైగ్రిస్ నది వరకు, అక్కడి నుండి కిక్కిరిసిన పడవల్లో బస్రాకు తరలించారు.

కుట్ ముట్టడి

వెనుదిరిగిన సైన్యం కుట్ పట్టణంలో ఒట్టోమన్ సేనల ముట్టడిలో చిక్కుకుంది. ఇది 1915 డిసెంబరు నుండి 1916 ఏప్రిల్ 29 వరకు సాగింది. ఆహారం తరిగిపోయాక గుర్రాలను, కంచర గాడిదలను వధించారు. మత నియమాల వలన, ఊరికి తిరిగి వెళ్ళాక కులస్థులు వెలివేస్తారనే భయం వలన చాలామంది సిపాయిలు ఆ మాంసాన్ని ముట్టలేదు. అనుమతిస్తూ భారతదేశం నుండి మతపెద్దల సందేశాలు తెప్పించినా, అనేకులు చివరి వారాల వరకు అంగీకరించలేదు.

దీని ఫలితం వ్యాధులలో కనిపించింది. తాజా మాంసం, కూరగాయలు లేక భారతీయులలో స్కర్వీ ప్రబలింది. గుర్రపు మాంసం తిన్న బ్రిటిష్ సైనికులలో స్కర్వీ తక్కువ. అయితే తెల్లపిండి రొట్టె మీద ఆధారపడినందున వారికి బెరిబెరి సోకింది. ముతక గోధుమపిండి తినే సిపాయిలకు బెరిబెరి అంతగా రాలేదు.

ముట్టడిని ఛేదించే ప్రయత్నాలలో సహాయక సేన సుమారు 23,000 మందిని నష్టపోయింది (మృతులు, క్షతగాత్రులు కలిపి). విమానాల నుండి జారవిడిచిన ఆహారం చాలలేదు. ఆహారంతో బయలుదేరిన జుల్నార్ అనే ఓడ శత్రువుల చేతికి చిక్కింది. చివరకు సుమారు 13,000 మంది లొంగిపోయారు.

యుద్ధఖైదీలు

టౌన్షెండ్‌ను ఇస్తాంబుల్ సమీపంలోని ఒక ద్వీపంలో సౌకర్యంగా ఉంచారు. సాధారణ సైనికులను మాత్రం ఎడారి గుండా కాలినడకన ఉత్తరానికి తరలించారు. అనేకులు దారిలోనే మరణించారు. మిగిలినవారిలో చాలామందిచేత రాస్ అల్ ఐన్ తదితర ప్రాంతాలలో రైలుమార్గం పనులు చేయించారు. బ్రిటిష్ సాధారణ సైనికులలో సగానికి పైగా, భారతీయులలో వేల సంఖ్యలో చెరలో మరణించారు. బెంగాల్ అంబులెన్స్ దళానికి చెందిన శిశిర్ ప్రసాద్ సర్వాధికారి ఈ అనుభవాలను "అభీ లే బగ్దాద్" అనే బెంగాలీ గ్రంథంలో నమోదు చేశాడు.

విచారణ

వైద్య, రవాణా లోపాలపై నియమించిన మెసొపొటేమియా కమిషన్ నివేదిక 1917లో వెలువడింది. భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ ఛాంబర్లేన్ రాజీనామా చేశాడు. అప్పటికే, 1917 మార్చిలో, బాగ్దాద్ బ్రిటిష్ వశమైంది.

స్మారకం

సమాధులు లేని 40,000 మందికి పైగా సైనికుల స్మృతికి 1929లో బస్రా స్మారకాన్ని ఆవిష్కరించారు. అందులో బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. భారతీయ సాధారణ సైనికులకు పేర్లు లేవు. ఏ దళానికి చెందినవారు ఎందరో తెలిపే అంకెలు మాత్రమే ఉన్నాయి. స్మారక చిహ్నాలలో ఇటువంటి వివక్ష జరిగిందని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021లో అంగీకరించి, క్షమాపణ చెప్పింది.