కక్ష్య చేరని ఉపగ్రహాల ఉద్ధరణ

భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర కక్ష్యకు 1980లలో స్పేస్ షటిల్ తీసుకువెళ్లిన ఉపగ్రహాలు అంచెలవారీగా చేరేవి. షటిల్ దిగువ కక్ష్యలో విడిచిపెట్టాక, ఉపగ్రహం అడుగున బిగించిన ఘన ఇంధన మోటారు దాన్ని దీర్ఘవృత్తాకార మార్గంలోకి నెట్టేది. ఆ మార్గంలో భూమికి అత్యంత దూరాన ఉండే అపోజీ బిందువు వద్ద ఉపగ్రహంలోని మరో మోటారు దాన్ని వృత్తాకార కక్ష్యకు మళ్లించేది. ఘన ఇంధనాన్ని ఒకసారి రగిలించాక ఆర్పి మళ్లీ వెలిగించే వీలుండదు కనుక, మొదటి మోటారు విఫలమైతే ఉపగ్రహం నడిదారిలోనే చిక్కుకుపోయేది.

1984 ఫిబ్రవరిలో చాలెంజర్ షటిల్ నుంచి విడిచిన అమెరికా ఉపగ్రహం వెస్టార్ 6కూ, ఇండోనేషియా ఉపగ్రహం పలాపా బి2కూ జరిగింది ఇదే. పరిహారం చెల్లించి వాటిపై హక్కు పొందిన బీమా సంస్థలు వాటిని వెనక్కి రప్పించే పనికి పూనుకోగా, భూకేంద్రాల్లోని ఇంజనీర్లు హైడ్రజీన్ థ్రస్టర్లతో, అంటే ఉత్ప్రేరకం తగలగానే వేడి వాయువుగా విడిపోయే ద్రవంతో పనిచేసే చిన్న చోదకాలతో, వాటిని షటిల్‌కు అందే ఎత్తుకు దించి, వాటి భ్రమణ వేగాన్ని తగ్గించారు. నవంబర్ 12న డిస్కవరీ షటిల్ వ్యోమగామి జో అలెన్, నైట్రోజన్ వాయువుతో నడిచే వీపు యంత్రంపై పలాపాను సమీపించి, పొడవాటి కడ్డీని దాని అపోజీ మోటారు నాజిల్‌లో దూర్చి బిగించాడు. పైభాగాన అమర్చవలసిన పట్టీ సరిపడకపోవడంతో, భూమి మీదైతే అర టన్నుకు పైగా తూగే ఆ ఉపగ్రహాన్ని అతడు దాదాపు గంటన్నర సేపు చేతులతోనే పట్టుకొని నిలువగా, సహచరుడు డేల్ గార్డ్‌నర్ అడుగుభాగాన బిగింపు పూర్తి చేశాడు. రెండు రోజులకు వెస్టార్ కూడా చిక్కింది. భూమికి చేరి మరమ్మతు పొందిన ఆ రెండూ 1990లో మళ్లీ నింగికెక్కాయి.

అదే ఏడాది దిగువ కక్ష్యలో నిలిచిపోయిన ఇంటెల్‌శాట్ 603ను 1992 మేలో ముగ్గురు వ్యోమగాములు ఒకేసారి చేతులతో పట్టి, కొత్త మోటారు తగిలించి పంపారు. అటువంటి ఆసరా లేని జీశాట్-1, 2001లో శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి జీఎస్ఎల్వీ రాకెట్ చివరి దశ బలం కాస్త తగ్గడంతో, సొంత ఇంధనంతో పైకి లేచే ప్రయత్నంలోనే దాన్ని ఖర్చు చేసుకొని గమ్యం చేరలేకపోయింది.

ఈ చరిత్రలో వ్యోమగాముల సాహసం చిరస్మరణీయమే. అయితే ఆ సాహసానికి అవకాశం కల్పించినది, ట్యాంకులో మిగిలిన ఇంధనాన్ని లెక్కగట్టి పొదుపుగా వాడిన ఇంజనీర్ల నైపుణ్యం. ఉపగ్రహోద్ధరణ చరిత్రలో వారికి సమాన స్థానం దక్కడం న్యాయం.