తెలుగు సబ్‌టైటిళ్లకు అడ్డుపడింది ఫాంట్లేనా?

తెలుగు సబ్‌టైటిళ్లు ఆలస్యం కావడానికి ఫాంట్లు లేకపోవడమే కారణమని రాస్తుంటారు. ఆ వాదన నాకు పలచగా తోస్తుంది.

తొలి దశ తెలిసిందే. డీవీడీలో సబ్‌టైటిళ్లు అక్షరాలు కావు, బొమ్మలు. 2000 ప్రాంతంలో సబ్‌రిప్ అనే ప్రోగ్రామ్ ఆ బొమ్మల్ని చదివి ఎస్‌ఆర్‌టీ ఫైలుగా మార్చింది. వరుస సంఖ్య, కింద 00:01:04,250 --> 00:01:06,900 వంటి సమయం, ఆ కింద మాట, తర్వాత ఖాళీ వరుస. నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా దిద్దుకోవచ్చు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటూ వచ్చింది. అడ్డు వేరేచోట ఉంది. తాను ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నదో చెప్పే వరుస ఎస్‌ఆర్‌టీలో లేదు. ప్లేయరు ఊహించుకోవాలి, చాలావరకు ఆ కంప్యూటర్ భాషకు కేటాయించిన పాత ఎన్‌కోడింగ్‌నే, అంటే కోడ్‌పేజీనే, పట్టుకునేది. విండోస్‌లో రష్యన్‌కు 1251, అరబిక్‌కు 1256, థాయ్‌కి 874 ఉన్నాయి. తెలుగుకు అలాంటి కోడ్‌పేజీ లేదు. రష్యన్ ఫైలు రష్యాలో పాత పద్ధతిలోనే నడిచిపోయింది. తెలుగుకు యూటీఎఫ్-8 వంటి యూనికోడ్ పద్ధతే దిక్కు. ప్లేయరు దాన్ని గుర్తించకపోతే తెరనిండా పిచ్చి గుర్తులు. గుర్తించినా ఒత్తులు పక్కకు జారిన ప్లేయర్లున్నాయి, నిజమే. కానీ అది ఫాంటు లేని లోటు కాదు, అక్షరాలు కూర్చే ఇంజన్ లోపం. 2010లో వెబ్‌ఎస్‌ఆర్‌టీగా మొదలై వెబ్‌వీటీటీగా పేరు మారిన ఫార్మాట్ యూటీఎఫ్-8ని తప్పనిసరి చేసింది. తెలుగుకు అసలు మలుపు అదేనంటాను. తెలుగు వినేవాళ్లకు తెలుగు అక్షరాలెందుకన్న ఉదాసీనత మాత్రం ఏ ఫార్మాటూ తీర్చలేదు.

ఆ ఉదాసీనతకు తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి ప్రాంతమే జవాబు. అక్కడ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరైంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళ లిపి మాత్రమే చదవగలిగే పిల్లలున్నారు. వాళ్లకు తెలుగు లిపి ఫైలుతోపాటు, తెలుగు మాటల్నే తమిళ లిపిలో రాసిన ఫైలూ కావాలి. సమయాలు అవే, అక్షరాలే మారతాయి. ఇక్కడొక చిక్కుంది: క, గ తేడా, ప, బ తేడా తమిళ లిపిలో కనపడవు. అందుకే అది తొలిమెట్టుగానే పనికొస్తుంది, తెలుగు లిపికి బదులు కాదు.

ఇప్పుడు జరుగుతున్నది నాకు నచ్చడం లేదు. మాటల్ని వీడియో మీదే అచ్చుగుద్ది వదులుతున్నారు. వాటిని ఆపలేం, వెతకలేం, లిపి మార్చలేం. ఇది బొమ్మల కాలానికి వెనక్కి పోవడమే. హోసూరు కథలు, పాటలు వీడియోలుగా పెట్టేవారిని కోరేది ఒక్కటే: పక్కన తెలుగులో ఒక వీటీటీ ఫైలు కూడా పెట్టండి.